లాగు విప్పిన శవం

ఇళ్లకు పెంకులు నేయడం ఆన్సెల్మ్ పని. ఊళ్లో పేరొచ్చింది మాత్రం చచ్చి పడుకున్నందుకు.

ఏటా జూలై పధ్నాలుగున, జాతీయ పండగనాడు, ఆ ఊరివాళ్లు పాతకాలపు చిత్రకారుడొకడు గీసిన, దేశమంతా కొలిచే విప్లవం బొమ్మను సంత మైదానంలో కదలని మనుషులతో కట్టి చూపిస్తారు. జెండా ఎత్తిన స్వేచ్ఛాదేవి, వెనక తుపాకులవాళ్లు, వాళ్లలో పొడుగు టోపీ పెట్టుకున్నవాడొకడు, కాళ్ల దగ్గర శవాలు. దేవి వేషం మాంసం కొట్టు సొలాంజ్‌ది. బొమ్మలో దేవి రొమ్ము మీద గుడ్డ ఉండదు గనక ఒంటిరంగు బనీను తొడుక్కునేది. పొడుగు టోపీవాడి వేషం కోసం నోటరీ, పళ్ల డాక్టరు ఏటా కొట్టుకునేవాళ్లు. ముందువరసలో చొక్కా, ఒక కాలికి మేజోడు తప్ప ఇంకేమీ లేకుండా వెల్లకిలా పడుండే శవానికి మాత్రం పోటీ లేదు. చొక్కా కిందికి లాక్కుని ఆన్సెల్మ్ హాయిగా పడుకునేవాడు. ఒక ఏడు గురక కూడా పెట్టాడు.

ఇంకో ఏడు జిల్లా నుంచి కొత్త అధికారిణి వస్తోందని తెలిసి మేయర్ బర్తాస్‌కు ఉన్నట్టుండి సిగ్గు పుట్టింది. శవానికి లాగు తొడగాలన్నాడు.

"బొమ్మలో లేదుగా మేయర్ గారూ," అన్నాడు ఆన్సెల్మ్.

"బొమ్మలో వాడు కుర్రాడోయ్. నీ మోకాళ్లు ఎప్పుడైనా చూసుకున్నావా?"

ఆన్సెల్మ్‌కు రోషమొచ్చింది. ప్రజల బొమ్మ గనక ప్రజల్నే అడగమన్నాడు. సభ పెట్టి అడిగారు. చిత్తుగా ఓడాడు. పెళ్లాం ఒడిల్ కూడా లాగు వైపే చెయ్యెత్తింది. ఇంటికొచ్చాక నిలదీస్తే, "నీ సొగసు ఊరంతా చూస్తుంటే బజార్లో తలెత్తుకోలేకపోతున్నా మహానుభావా" అంది.

పండగనాడు ఆన్సెల్మ్ బావమరిది దగ్గర అడిగి తెచ్చుకున్న ఉన్ని లాగు తొడుక్కుని, ఎండలో ఉడికిపోతూ పడుకున్నాడు. జాతీయగీతం మొదలైంది. అందరూ కొయ్యబారి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఒక కందిరీగ లాగులోకి దూరింది. మొదటి చరణం దాకా పళ్లు బిగబట్టాడు. రెండో చరణంలో అది వెళ్లకూడని చోటికి వెళ్లింది. శవం ఎగిరి లేచింది. లాగు విప్పి విసిరేసి, మళ్లీ పడుకుని చచ్చిపోయింది. ఆ లాగు పోయి నోటరీ టోపీకి వేలాడింది.

అధికారిణి లేచి చప్పట్లు కొట్టింది. అది చూసి మేయరూ కొట్టాడు.

సాయంత్రం విందులో ఆన్సెల్మ్ కూర్చోలేక నిలబడే సాసేజీలు తిన్నాడు. కందిరీగ కుట్టిందని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఎంత వినయమో చూడండని బడి పంతులుగారు కళ్లు తుడుచుకున్నారు. లాగు విప్పి అధికారం మొహాన కొట్టిన మొనగాడని కాఫీ హోటల్లో వైన్ పోయించారు. నిజం తెలిసింది వాపు మీద వెనిగర్ రాసిన ఒడిల్‌కే. ఆమె మాటా ఎవరూ వినలేదు.

మరుసటేడు ఎన్నికల్లో ఊరివాళ్లు ఆన్సెల్మ్‌ను వద్దంటున్నా నిలబెట్టి పురపాలక సంఘంలోకి గెలిపించారు. అక్కడా ఎక్కువగా కునుకు తీసేవాడు. పండగనాడు మాత్రం లాగు లేకుండానే పడుకునేవాడు. ఆ సంగతి మీద మళ్లీ ఎవరూ ఓటు అడగలేదు. ఒడిల్ ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి చెల్లెలి ఊరికి వెళ్లిపోయేది.