పెదనాన్న కుప్ప మీద దిష్టికర్ర

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు... బొబ్బిలి దగ్గర మా ఊరి కళ్లం మీదుగా పెద్ద కరెంటు లైను పోయేది. మంచు పట్టిన పొద్దుటిపూట ఆ తీగలు జుయ్‌మని మోగేవి. పిల్లలం కింద నిలబడి భయపడుతూ వినేవాళ్లం.

కళ్లంలో జాగాకి కరువు లేదు. అయినా మా పెదనాన్న వరికుప్ప సరిగ్గా ఆ తీగల కిందే వేయించాడు. ఎందుకయ్యా అంటే... అక్కడైతేనే రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకి కనిపిస్తుందట. ఊళ్లో అందరికంటే ఎత్తు కుప్ప తనదే అవ్వాలట. మా ఉమ్మడి ఇల్లంతా ఏడాది పొడుగునా తినాల్సిన గింజ అది. ఆయనకి మాత్రం గొప్ప చూపించుకునే సరుకు.

"లైను కింద వొద్దు బావా, పక్కకి ఎయ్యించు" అంది మా అమ్మ.

"కరెంటు గురించి నీకేటి తెలుసు?" అన్నాడు. ఆయనకి తెలిసిన కరెంటల్లా ఇంట్లో బల్బు స్విచ్చి.

కుప్ప పూర్తయిన సాయంత్రం పక్కింటి నీలమ్మత్త అటుగా పోతూ ఆగింది. "ఎంతెత్తు లేపీసినావు అన్నా" అంది, మెచ్చుకోలుగానే. అంతే... ఈయన మొహం మాడిపోయింది. దిష్టి తగులుతుందని పచ్చి వెదురుకర్ర తెప్పించి, కొసకి పాత చెప్పూ, విరిగిన కొడవలీ కట్టించి కుప్ప నెత్తిన పాతించాడు. తీగకీ కొడవలికీ మధ్య మూరెడు సందు కూడా లేదు. పాతినవాడు ప్రాణాలతో దిగడమే ఎక్కువ.

తెల్లారేసరికి పొగమంచు... కర్ర తడిసి ముద్దయింది. గాలికి తీగ ఊగి చిటపటమంది. అంతలో నీలం మెరుపొకటి గెంతి కొడవలి మీద పడింది. నిప్పురవ్వలు కుప్పలోకి రాలాయి. పైపైన తడేగానీ లోపలంతా ఎండుగడ్డి. లైను ఆపించేదాకా నీళ్లు చల్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆపేసరికి బూడిదే మిగిలింది. మా అమ్మ కళ్లంలోనే కూలబడి ఏడ్చింది.

పెదనాన్న ఏడవలేదు. "సూసినారా, నీలమ్మ కన్ను ఎలాటిదో" అన్నాడు. ఊరు ఊరంతా సిగ్గులేకుండా తలూపింది. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురొస్తే తప్పుకుని పోయేవారు.

ఆ ఏడు మా పొయ్యి మీదికి బియ్యం ఇచ్చింది మాత్రం ఆవిడే... పెరటి దారిన తెచ్చి అమ్మ చేతిలో పెట్టేది. "పిల్లలకి వొండు వదినా, ఎవుళికీ సెప్పకు" అనేది. పెదనాన్న ఆ అన్నమే మారు వడ్డించుకుని తిని, అరుగెక్కి మళ్లీ ఆవిడ కన్ను గురించే చెప్పేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న ఊరెళ్లాను. కళ్లం లేదు, ఇళ్లొచ్చేశాయి. లైను మాత్రం అలాగే ఉంది. దాని కిందే పెదనాన్న కొడుకు మేడ మీద మేడ లేపుతున్నాడు.

"ఇక్కడెందుకురా తమ్ముడూ?" అన్నాను.

"రోడ్డు మీదకి కనపడతాది కదక్కా" అన్నాడు. మీదికి లేచిన ఇనుపరాడ్లలో అన్నిటికంటే పొడుగుదానికి దిష్టిబొమ్మ కట్టి ఉంది.

మీ ఊళ్లోనూ తీగల కింద ఇలాంటి గొప్పలు లేస్తున్నాయా... ఉంటే చెప్పండి. మా నీలమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. ఈసారి ఎవరి కన్ను మీదకి తోస్తారో, ఎవరింటి బియ్యం తింటారో.