ముందే పెట్టిన సంతకాలు

మా కెమిస్ట్రీ విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని అందరూ గాగుల్స్ బాబాయి అంటారు. ఎదురైన ప్రతివాడినీ "కళ్ళద్దాలేవీ?" అని అడగడం ఆయనకు ఇరవై రెండేళ్ళ అలవాటు. "ఉన్నాయిగా బాబాయ్" అంటూ నుదుటి మీదకి నెట్టుకున్నవి చూపిస్తారు. పక్కనే స్టోరు చూసుకునే నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది.

ల్యాబ్ మూల కళ్ళు కడుక్కునే కుళాయి ఉంది. కంట్లో ఏ రసాయనమైనా పడితే అదే దిక్కు. వారానికోసారి దాన్ని తిప్పి, తుప్పునీళ్ళు పోయేదాకా వదిలి, గోడమీది కాగితంలో సంతకం చేయాలి. మా పరిశోధకుల తెలివేమిటంటే, ఒకటో తారీకునే నెల గళ్ళన్నీ నింపేస్తారు. ఆపైన కుళాయి ముందు అట్టపెట్టెలు పేరుస్తారు. బాబాయి పొద్దున తీస్తే మధ్యాహ్నానికి మళ్ళీ అక్కడే.

ఈ నెల వంతు ఇక్కడే పరిశోధన చేస్తున్న ఆయన మేనకోడలిది.

"నువ్వు కూడానా తల్లీ?"

"అందరూ చేసేదేగా మామయ్యా! థీసిస్ రాసుకోనా, కుళాయి తిప్పుతూ కూర్చోనా?"

బాబాయే తిప్పి చూశాడు. సన్నటి ఎర్రనీళ్ళు. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి కుళాయి మార్పించమన్నాడు.

"కాగితంలో బాగుందనే ఉందిగా?" అన్నాడాయన.

ఆ కాగితం అబద్ధమంటే పిల్ల దొరికిపోతుంది. బాబాయి నోరు మూసుకుని వచ్చేశాడు.

మూడోవారం క్షారం సీసా జారి, ఆ పిల్ల కంట్లోకే చిమ్మింది. గాగుల్స్ నుదుటి మీదున్నాయి. బాబాయి పెట్టెలు తన్నేసి కుళాయి తిప్పితే దారంలా తుప్పునీళ్ళు. సింకు దగ్గరికి ఈడ్చుకెళ్ళి, అరగంట తల పట్టుకుని కడిగాడు. చూపు నిలిచిందిగానీ, ఎడమకంటికి పొర కమ్మింది. అది పోతుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు.

విచారణలో ప్రొఫెసర్ ఆ కాగితమే బల్లమీద పెట్టాడు. "కుళాయి బాగుందని తనే సంతకం చేసింది. తప్పు అమ్మాయిదే."

"అది ఉత్తుత్తి సంతకం సార్! నెల మొదట్లోనే పెట్టేసింది. నాకు తెలుసు" అని బాబాయి లేచాడు.

"తెలిసీ నాతో ఎందుకు చెప్పలేదయ్యా?"

కంటికి కట్టుతో కూర్చున్న మేనకోడలు కూడా ఆ జవాబు కోసమే బాబాయి వైపు తిరిగింది.