బండి వెనక్కి తీసేటప్పుడు వచ్చిన చప్పుడు

“నువ్వు రాకపోతే యెనకాల ఎవురు నిలబడతారు మే?”

“ఆ సద్దు యాడిదో సూపిచ్చుకోని రా, నిలబడతాను. అంతవరకు నీ బండెక్కను. పో.”

పుంగనూరు బస్టాండు దగ్గర బండి దిగి నేను అన్న మాట ఇది. మా ఆయన గేరు వేసుకుని కుప్పం దారి పట్టాడు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. నాకు సంతకం చేయడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు, రాస్తోంది. నేను ఏడ్చినా ఆగొద్దు, రాస్తూనే ఉండు అని ముందే చెప్పాను.

మాది పికప్ బండి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాతదాన్నే కొన్నాం. చుట్టుపక్కల తోటల్లో టమోటా క్రేట్లు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు వేసేవాళ్ళం. ఆయన డ్రైవరు, నేను క్లీనరు. ఆడది క్లీనరా అని మార్కెట్టులో నవ్వేవాళ్ళు. నవ్వనీ. ఆ మండీల ముందర బండిని వెనక్కి పెట్టాలంటే రెండు పక్కలా జానెడు సందు ఉండదు. నేను వెనకాల నిలబడి తలుపు రేకు మీద అరచేత్తో తట్టేదాన్ని. ఒక్కో దెబ్బకు ఇంకా రమ్మని, గబగబా రెండు దెబ్బలు కొడితే ఆగమని.

ఆ రేకు మీది చేతికే మొదట తెలిసింది. బండి వెనక్కి కదిలేటప్పుడు కింద ఎక్కడో టక్కుమని ఒకే ఒక్క చప్పుడు. ముందుకు పోయేటప్పుడు లేదు. లోపల కూర్చున్న ఆయనకు ఇంజను హోరులో వినపడదు. “నీకొక్కదానికే ఇనపడే సద్దుకు నేనేం సేసేది?” అనేవాడు. పోరుపెట్టి పుంగనూరులో మేస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాను. ఆ మేస్త్రీ మాకు బాగా తెలిసినవాడే. బండిని నాలుగుసార్లు వెనక్కీ ముందుకూ తీశాడు. ఏ చప్పుడూ రాలేదు.

“బండికేమీ లేదక్కా. నీ సెవులు సర్వీసింగుకు ఇడిసిపెట్టి పో, సాయంత్రానికి సేసిస్తా” అన్నాడు.

మగవాళ్ళిద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. నాకు మండింది. ఆ మంటే మూడో రోజు నన్ను బస్టాండు దగ్గర బండి దింపింది.

కుప్పం అవతల ఒక రైతు తోటకు సిమెంటు మూటలు వేసే బాడుగ అది. సన్నటి గట్టు దారి, ఎడమ పక్కన లోతు కాలువ. వెనకాల మనిషి లేనప్పుడు డ్రైవర్లందరూ చేసేదే ఆయనా చేశాడు. తలుపు తెరిచి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, సగం ఒళ్ళు బయటికి వంచి చూస్తూ వెనక్కి తీశాడు. తన పక్క కనపడింది. కాలువ పక్క కనపడలేదు. వెనక చక్రం గట్టు దిగింది. ఆ కుదుపుకు ఆయన కిందపడ్డాడు. వెనక్కి వస్తున్న బండి ముందు చక్రం ఆయన మీదికి ఎక్కింది.

ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. నాకు మాత్రం ఒకటే తెలియాలి. ఆయన్ను చంపింది ఆ చప్పుడా, నా పంతమా? తిండి పోలేదు, కన్ను మూతపడలేదు. కర్మ అయిన మర్నాడే షెడ్డుకు పోయాను. అప్పుడే గడప దాటిందే అని వీధిలో అన్నారు. కుప్పం నుంచి బండిని తెచ్చి పెట్టింది కూడా ఆ మేస్త్రీయే.

“అప్పా, ఒక్కసారి యెనక్కి తియ్యి” అన్నాను.

“ఇప్పుడెందుకక్కా అది? ఇంటికి పో.”

“తియ్యప్పా. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

తీశాడు. రేకు మీద చెయ్యి పెట్టాను. లేదు. మళ్ళీ తీయించాను. లేదు. అక్కడే నూనె మట్టిలో కూలబడ్డాను. అప్పుడు తట్టింది. మార్కెట్టులో ఎప్పుడూ నిండు బండి. షెడ్డులో ఎప్పుడూ ఉత్త బండి.

“లోడు పెట్టప్పా. బరువుంటేనే వస్తాది అది.”

“యాడ తెచ్చేదక్కా ఇప్పటికిప్పుడు?”

రోడ్డు మీద టమోటా కోతకు పోయి వచ్చిన కూలి ఆడవాళ్ళు సోమల బస్సు కోసం నిలబడి ఉన్నారు. ఇరవై మంది దాకా ఉంటారు. పోయి, ఒక్కసారి బండెక్కమని చేతులు జోడించాను.

“యాడికక్కా, మమ్మల్ని మండీలో తూకమేసి అమ్మేస్తావా యేమి?” అని ఒకామె నవ్వింది. నా మొహం చూసి, అందరికంటే ముందు ఆమే ఎక్కింది.

మేస్త్రీ వెనక్కి తీశాడు. టక్కు.

అతనూ విన్నాడు. అందర్నీ దింపి బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. బండి బరువు మోసే కమాన్ పట్టీలన్నింటినీ కలిపి పట్టుకునే బోల్టు నడిమికి విరిగిపోయి ఉందన్నాడు. బరువు మీద వెనక్కి తీస్తే ఇరుసు కొంచెం జరిగి కొట్టుకుంటుందట. ఆ మాట వినగానే నాకు ఎంత ఊపిరి వచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొగుడు పోయిన ఆడది సంతోషపడింది.

“అయితే దీనివల్లే కదప్పా బండి గట్టు దిగింది?”

అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. “నేను కనిపెట్టుండాల్సింది. తప్పు నాదే. కానీ దీనికి బండి పక్కకు పోదక్కా. సద్దొస్తాది, అంతే. బ్రేకులు సూసినాను, స్టీరింగు సూసినాను. అన్నీ బాగుండాయి. ఆడ యెనకాల మనిషి...” అని ఆపేశాడు.

ఆపేసినా ఆ మాట నాకు వినపడింది.

ఇంటికొచ్చాను. అందరూ ఏమైందని అడిగారు. “బోల్టు ఇరిగిపొయ్యిండాది, మేస్త్రీ సూసుకోలేదు, దానికే పొయినాడు” అని చెప్పాను. మిగతాది మింగేశాను. మా ఆడబిడ్డ అప్పటికప్పుడు షెడ్డుకు పోయి, నలుగురిలో అతని చొక్కా పట్టుకుని, “మా అన్నను సంపినావు కదరా” అని దుమ్మెత్తిపోసింది. నాతో చెప్పింది అతను ఆమెకు చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాడట. తర్వాత ఆ షెడ్డు వైపు బండ్లు పోవడం తగ్గింది. ఏడాది తిరక్కుండానే తాళం వేసుకుని పలమనేరు వెళ్ళిపోయాడు. ఒకసారి మదనపల్లెలో ఎదురుపడి “బాగుండావా అక్కా” అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఏమ్మా, పెన్ను ఆపేసినావు? నన్ను తర్వాత తిట్టు, ఎంత తిట్టినా పడతాను. ముందు ఆ మేస్త్రీ చెప్పింది చెప్పినట్టే కాగితం మీద పడిందా లేదా చూడు. నాకు చదవను రాదు. నువ్వే చదివి వినిపించు.