పియానో లేని పాట

మా ఆయన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల ఇంజనీరు. శనివారాలు మాత్రం పియానో వాయిస్తూ ఒక బిగ్ బ్యాండ్, అంటే పెద్ద జాజ్ బృందం, నడిపేవారు. రాక్ పాటలను జాజ్‌లోకి మార్చి రాసేవారు. గిటార్ అరిచే చోట ట్రాంబోన్లతో మెల్లగా గొణిగించేవారు. అసలు పాట ఏదో గుర్తుపట్టడానికి నాకే కాస్త సమయం పట్టేది.

ఆయన పోయాక, సంస్మరణ సభలో ఆయన చివరగా రాసింది వాయిస్తామని బ్యాండువాళ్లు అన్నారు. డ్రమ్స్ వాయించే అమ్మాయి మా స్నేహితుల కూతురు. ఎవరేం వాయించాలో ఆయన రాసిపెట్టిన కాగితాలన్నీ తిరగేసి నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, అందరి పార్ట్స్ ఉన్నాయి. అంకుల్ పియానో పార్ట్ లేదు."

"ఆయనది ఆయన ఎప్పుడు రాసుకున్నారమ్మా? అప్పటికప్పుడు వాయించేసేవారు."

"మిడిల్‌లో పియానో ఒక్కటే వాయించే సోలో ఉంది కదా. వేరే పియానిస్ట్‌ని పిలవనా?"

వద్దన్నాను. ఆ చోటు ఖాళీగా ఉంచమన్నాను. అంతసేపూ తను మనసులో తాళం లెక్కపెట్టి, తర్వాత అందరికీ సైగ చేస్తానంది అమ్మాయి.

సభలో ఆ చోటు రాగానే వాద్యాలన్నీ ఆగాయి. ఆయన అక్కడ ఏం వాయించేవారో ఊహించబోయాను. ఏమీ తట్టలేదు. ఇంతలో పాట అయిపోయిందనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. ఆ మోతలో అమ్మాయి లెక్క తప్పింది. ట్రంపెట్లు ముందే ఎత్తుకున్నాయి, శాక్సఫోన్లు ఎత్తుకోలేదు. కాసేపు తడబడి అందరూ ఆపేశారు.

అమ్మాయి స్టేజీ దిగి నా దగ్గరికి వచ్చింది. "సారీ ఆంటీ. ఫస్ట్ నుంచి మళ్లీ స్టార్ట్ చేస్తాం."

"వద్దులేమ్మా" అన్నాను.

మొదటినుంచి వాయిస్తే ఆ ఖాళీ మళ్లీ వస్తుంది.