గ్రోవ్ అంటే మా సత్యంగారి తోపు

ఈ ఉదయం ఎదురు ఫ్లాటావిడ గుమ్మానికున్న మామిడి తోరణం విప్పి, సబ్బునీళ్ళలో ఉతికి, దండెం మీద ఆరేసింది. ప్లాస్టిక్‌ది. ఆకుల చివర్ల నుంచి నీళ్ళు కారుతుంటే కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను...

మా చిన్నప్పుడు తోరణం కావాలంటే సత్యంగారి తోపులోకి వెళ్ళేవాళ్ళం. పెదపాడు దగ్గర పల్లెలో మా తాతయ్య పౌరోహిత్యం చేసేవారు. సెలవు వస్తే ఏలూరు నుంచి నేను అక్కడికే. పెళ్ళి ఉన్న రోజు తెల్లవారగానే తాతయ్య వెనకాల సజ్జ పట్టుకుని నడిచేదాన్ని.

ఆకు తెంపే ముందు చెట్టు మొదట్లో చెయ్యి ఆనించేవారు. కిందటిసారి కోసిన చెట్టు జోలికి వెళ్ళేవారు కాదు. "దానికీ కాస్త విశ్రాంతి ఉండాలి కదమ్మా" అనేవారు...

కాన్వెంటులో ఒకరోజు పాఠంలో గ్రోవ్ అనే మాట వచ్చింది. అడవి కాదు, ఒంటి చెట్టూ కాదు, కొన్ని చెట్లు దగ్గర దగ్గరగా పెరిగిన చోటు, కింద పొదలు లేకుండా నడవడానికి వీలుగా ఉంటుంది అని సిస్టర్ చెప్పారు. కొన్ని దేశాల్లో అలాంటి చోట దేవుణ్ణి కొలిచేవారట. ఎవరైనా చూశారా అని అడిగారు. ఎప్పుడూ నోరు విప్పని నేను లేచి నిలబడ్డాను.

"మా తాతయ్య ఊళ్ళో ఉంది సిస్టర్. మామిడి తోపు."

"అయితే మీ తాతయ్య కోతులతో ఉంటారా?" అని వెనక బెంచీ పిల్ల. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజంతా గర్వంగానే ఉంది...

ఆ ఏడు మాఘంలోనే, సెలవుకి నేను ఊరెళ్ళినప్పుడు, తోపు నిండా పూత ఉండగా, సత్యంగారు మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు.

"పంతులుగారండీ, చెరువు తవ్విద్దామనుకుంటున్నానండి. మంచిరోజు చూడండి."

"తోపులోనా?"

"చుట్టూ చేపల చెరువులే కదండీ. ఊటకి వేళ్ళు కుళ్ళిపోతున్నాయండి. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?"

తాతయ్య పంచాంగం తెచ్చుకోవడానికి లోపలికొచ్చారు. నేను పంచె పట్టుకున్నాను.

"మంచిరోజు లేదని చెప్పేయండి తాతయ్యా."

"నేను లేదంటే గుండుగొలను నుంచి ఇంకొకాయన్ని పిలుచుకుంటారమ్మా."

అయినా పంచాంగం చాలాసేపు తిప్పారు. చివరికి, "వైశాఖం వెళ్ళేదాకా ఏమీ కుదరట్లేదు సత్యంగారూ" అన్నారు.

ఆ మాఘమంతా మంచిరోజులే, తాతయ్యకు తీరిక లేనన్ని పెళ్ళిళ్ళున్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, సత్యంగారికీ తెలుసు. ఆయన తోపు వైపు ఓసారి చూసి, "పోన్లెండి... ఈ ఏడు కాయ దిగుతుంది" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ వేసవి చెట్లు విరగకాశాయి...

కాయ దిగాక పొక్లెయిన్ వచ్చింది. తాతయ్య మొదటి చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మంత్రం చదివారు. చెట్టు మొదట్లో ఆనించిన చెయ్యి ఎంతకీ తియ్యలేదు.

"అయిందాండీ పంతులుగారూ?" అని పైనుంచి డ్రైవరు.

సాయంత్రానికి తోపులో ఆకాశం తప్ప ఏమీ మిగల్లేదు.

తర్వాత మామిడాకులు ఏలూరు బజారు నుంచి బస్సులో తెప్పించుకునేవారు. వచ్చేసరికి వాడిపోయేవి. తాతయ్య వాటి మీద నీళ్ళు చల్లుతూ కూర్చునేవారు.

ఇప్పుడు నేనూ ఏలూరులోనే పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. గ్రోవ్ అనే మాట వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ గీస్తాను. మొన్న ఒకమ్మాయి, "మేడమ్, దానికి టికెట్ ఉంటుందా?" అని అడిగింది. తప్పు ఆ పిల్లది కాదు. ఇక్కడి నుంచి ఆకివీడు దాకా బస్సు కిటికీలోంచి దానికి కనిపించేవి నీళ్ళూ, గట్లూ, చేపల లారీలే. చూపించడానికి నా దగ్గర మాత్రం ఏముంది... మాట ఉంది, అర్థం ఉంది, అంతే.

మీ ఊళ్ళో తోపు ఇంకా ఉంటే కింద రాయండి. ఎవరిదో, ఏ చెట్లో... ఊరికే చదువుకుంటాను.

తాతయ్య పోయిన రోజున మామిడి కట్టెలు ఏలూరు అడితి నుంచి ట్రాక్టరులో తెప్పించాం.