కంప్యూటర్ తీరు బతుకమ్మ

మొన్న మా ఆఫీసులో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ పెట్టె మూత ఊడదీస్తే లోపలి నుంచి ఒక వాసన గుప్పుమంది. కాలిన దుమ్ము, వేడెక్కి చల్లారిన వైర్లు, ఎప్పుడో లోపలికి దూరి ఎండిపోయిన బల్లి, అన్నీ కలిసిన వాసన. అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం ఇంకాస్త ముందుకు వంగాను. ఆ వాసనకు జిరాక్సు మిషన్ ఘాటు, పక్క హోటల్లో మరిగే మిర్చిల నూనె, మా అవ్వ నోట్లోని తమలపాకు కలిపితే దేవరకొండలో మా బాపు నడిపిన నెట్ సెంటర్ అవుతుంది. నా చిన్నతనంలో సగం అక్కడే గడిచింది. మిగతా సగం, బడి ఎప్పుడు వదులుతారా, అక్కడికి ఎప్పుడు పోదామా అని గంట కోసం ఎదురుచూడటంలో గడిచింది.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. మా ఇల్లు ఖిల్లా గుట్ట దిక్కు పోయే దారిలో ఉండేది. ముందరి గది దుకాణం, వెనకది ఇల్లు, మధ్యలో అమ్మ పాత చీరతో కుట్టిన పరదా. దుకాణంలో మూడు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ చెక్కలు, గోడ మీద దేవుడి పటం, పటం కింద మోడెం. బాపు పొద్దున్నే దేవుడికి ముట్టించిన ఊదుబత్తిని మోడెం చుట్టూ కూడా తిప్పేవాడు. దేవుడికి కోపమొస్తే బతిమాలుకోవచ్చు గాని మోడెంకు కోపమొస్తే పొయ్యి వెలగదని ఆయన నమ్మకం. హాల్ టికెట్ల వాళ్లు, రిజల్టు చూసుకునే వాళ్లు, రిజల్టు చూసుకుని గోడకు ఒరిగి ఏడ్చేవాళ్లు పగలంతా వచ్చిపోతుండేవారు. సాయంత్రం కాస్త ఖాళీ దొరికితే మూల కంప్యూటర్ మాది. బాపు షరతు ఒకటే.

"గిరాకొస్తే లేవాలె. ఏడ్పులు, పెడబొబ్బలు నడువయి."

మాది అంటే నాదీ, రూతుదీ. రూతు మా వెనక వాడకట్టులో ఉండేది. వాళ్లమ్మ సర్కారు దవాఖానలో నర్సు. అందరూ సిస్టరమ్మ అనేవారు. డిస్కులేసి ఎక్కించే ఆటలు, కొనుక్కునే ఆటలు మాకు తెలియవు. పేజీ తెరవగానే ఊరికే దొరికేవే మా ఆటలు. వాటిని వెతికి పట్టడంలో రూతుకు కుక్కకున్నంత ముక్కుబలం ఉండేది. ఇంగ్లీషు పేర్లకు మాకు నోరు తిరగదు కాబట్టి అన్నిటికీ మా పేర్లే. బుడగల కాగితం అని ఒక పేజీ ఉండేది. కొత్త టీవీ పెట్టెలో వచ్చే బుడగల కాగితం బొమ్మ తెర నిండా పరుచుకుని ఉంటే, ఒక్కో బుడగను నొక్కి టప్ టప్ మనిపించడమే ఆట. గెలుపు లేదు, ఓటమి లేదు, కడుపునిండా తృప్తి. దోసెల ఆటలో దోసె ఆలస్యమై గిరాకీల ముఖాలు ఎర్రబడుతుంటే రూతు తెరకేసి చూస్తూ "జర ఆగన్నా, వస్తాంది" అని నిజంగానే బతిమాలేది. అక్షరాలు కొడితే సంగీతం వచ్చే పేజీలో వాళ్ల చర్చి పాటను ఒక్కో మీట మీద తడుముకుంటూ పట్టేది. నొక్కొద్దు అని రాసి ఉన్న ఎర్ర బొత్తం పేజీ ఒకటి ఉండేది. నొక్కిన కొద్దీ అది మమ్మల్ని తిడుతుండేది, తిట్టిన కొద్దీ మేము నొక్కేవాళ్లం. ఇక ఇసుక ఆట. పై నుంచి ఇసుక, నీళ్లు, నిప్పు, విత్తనాలు, ఏది కావాలంటే అది పోయవచ్చు. విత్తనాల మీద నాలుగు చుక్కలు పడగానే పచ్చగా మొలకలు లేచేవి. ఊళ్లో మా చెల్క మీద పడని వానంతా ఆ పేజీలో నేను కురిపించేదాన్ని. మీకు ఎప్పుడైనా పొద్దుపోకపోతే వెతికి చూడండి, అలాంటివి కొన్ని ఇప్పటికీ ఎక్కడో అక్కడ బతికే ఉన్నాయి.

అన్నిటికీ రాజు తొండ. నల్లా పైపుల కోసం రోడ్లు తవ్వుతున్న రోజులు కాబట్టి నెట్ తీగ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉండేది. నెట్ పోగానే తెల్లటి పేజీ మీద బూడిదరంగు జీవి ఒకటి వచ్చి నిలబడేది. పొడుగు మీట నొక్కితే పరుగు, ముళ్లచెట్టు రాగానే మళ్లీ నొక్కితే దుముకు. అది ఏ కాలానిదో రాక్షసబల్లి అని తర్వాత తెలిసింది గాని, మేము చూసిన బల్లుల్లో పెద్దది తొండే కాబట్టి దానికి ఆ పేరే ఖాయమైంది. లైన్లో నిలబడ్డ పెద్దవాళ్లు "అయ్యో, వోయింది" అని నిట్టూరుస్తుంటే, అదే నిమిషంలో మేము "తొండొచ్చింది" అని ఎగిరేవాళ్లం. ఆ మాట ఎంత అలవాటైందంటే, నెట్ ఉందా అని ఎవరైనా ఫోన్ చేస్తే బాపు కూడా "లేదన్నా, తొండొచ్చింది, రేపు రా" అనేవాడు. ఒకాయన ఆ మాట నమ్మి, దుకాణంలోకి తొండ దూరిందనుకుని కట్టె పట్టుకుని వచ్చాడు.

మా అవ్వ, బాపు తల్లి లచ్చవ్వ, ఈ డబ్బాలను లెక్కచేసేది కాదు. ఆమె పేరు వేరేచోట మోగేది. వాడకట్టులో బతుకమ్మ పేర్చాలంటే లచ్చవ్వే. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందు నుంచే మా ఇల్లు పూల ఇల్లయ్యేది. బాపు ఖిల్లా వెనక చెల్కల్లో తిరిగి తంగేడు, గునుగు మోపులు కట్టుకొచ్చేవాడు. గునుగును కట్టలు కట్టి ఎరుపు, నీలం, గులాబి రంగు నీళ్లలో ముంచి ఆరబెడితే వాకిలంతా పచ్చి గడ్డి వాసన, రంగుల వాసన. వంటింట్లో మలీద కోసం రొట్టెలు నలుపుతున్న అమ్మ చేతుల నుంచి బెల్లం, నెయ్యి వాసన. అవ్వ శిబ్బి పళ్లెం ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుసగా పూలు పేర్చుతూ పోతే, మేస్త్రీ తూకం గుండు కట్టి చూసినా ఆ బతుకమ్మకు వంక దొరికేది కాదు. ఎదుటివాళ్లు పేర్చినదాన్ని చూసి అవ్వ ఏమీ అనేది కాదు. తల కాస్త పక్కకు వంచి చూసేది, అంతే. వాళ్లకు అది చాలు, రాత్రికి నిద్ర పట్టదు.

ఒక యేడు ఆషాఢంలో ఒక పొద్దున వాకిట్లో ముగ్గు వేస్తూ వేస్తూ అవ్వ కూలబడింది. పక్షవాతం. దవాఖాన నుంచి వచ్చాక నడక తెచ్చుకుంది, మాట తెచ్చుకుంది, తిట్లు అంతకంటే ముందే తెచ్చుకుంది. కుడిచెయ్యి మాత్రం దారికి రాలేదు. వేళ్లు కదిలేవి గాని ఆగకుండా వణికేవి. రోజూ పట్టి ఒత్తమని సిస్టరమ్మ ఒక రబ్బరు బంతి తెచ్చిస్తే, అవ్వ దాన్ని వీధిలో ఆడుకునే పిల్లల మధ్యకు విసిరేసింది. ఆ చేతిని కొంగు చాటున దాచుకుని, ఎడమచేత్తో తిని, ఎడమచేత్తో తల దువ్వుకుని, ఎవరైనా చూస్తే మొహం తిప్పుకునేది. శ్రావణం వెళ్తుండగా ఒకనాడు అన్నం ముందు కూర్చుని చెప్పేసింది.

"ఈయేడు నేను బతుకమ్మ పేర్వ. వంకర బతుకమ్మను గౌరమ్మకు ఏ మొకం వెట్టుకుని జూపియ్యాలె?"

బాపు ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఆమె వెళ్లాక అమ్మ మెల్లగా "చెయ్యి వోతే వోయింది, మనిషే వోతాంది" అంది. నిజంగానే అవ్వ రోజురోజుకూ గోడకు దగ్గరగా, మాకు దూరంగా జరుగుతూ ఉండేది. వాకిట్లోకి రావడం మానేసింది. బతుకమ్మ కూడా వదిలేస్తే ఇక లేవదని ఇంట్లో అందరికీ భయం. నాకు మరీ భయం, ఎందుకంటే నేను పడుకునేది ఆమె పక్కనే.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం తీగ తెగింది. ఎక్కడ తవ్వారో చూసి రావడానికి బాపు వెళ్లాడు. గిరాకీలు లేరు. నేనూ రూతూ తొండతో అరుపులు పెడుతుంటే, ఎడమచేత్తో ఉడకబెట్టిన పల్లికాయల గిన్నె పట్టుకుని అవ్వ పరదా తొలగించింది.

"ఏందే, గంతగనం ఒర్రుతున్నరు?"

"తొండను దుంకిస్తున్నం అవ్వా," అంది రూతు. "నువ్వు గూడ ఒత్తు. ముండ్లచెట్టు రాంగనే గీ పొడుగు మీట ఒత్తాలె."

అవ్వ తెరకేసి కళ్లు చిట్లించింది. "తొండ ఎట్లయితదే? తోక జూడు ఎంత లావున్నదో. గది ఉడుము."

అయినా కూర్చుంది. అటూ ఇటూ చూసింది. పెద్దవాళ్లెవరూ లేరు. కొంగు చాటు నుంచి కుడిచెయ్యి బయటికి వచ్చింది. ఆ మీట ఎంత పొడుగుంటుందో మీకు తెలుసు, వేళ్లు ఎటు వణికినా దాని మీదే పడతాయి. తొండ దుమికింది. అవ్వ ఉలిక్కిపడింది. మళ్లీ దుమికించింది, మూడోసారి ముళ్లచెట్టుకు గుద్దుకుంది.

"సచ్చిందా?"

"మల్ల ఒత్తు అవ్వా, లేస్తది."

"సచ్చినంక లేసుడు గీన్నే జూస్తున్న" అని అవ్వ నవ్వింది. ఆషాఢం తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. పల్లికాయలు ఒలుస్తున్నట్టు తల దించుకున్నాను.

ఆ మర్నాటి నుంచి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే పరదా పక్కకు వచ్చి "తొండొచ్చిందానే?" అని అడిగేది. నెట్ బాగా నడుస్తుంటే ఉసూరుమని వెనక్కి పోయేది. రెండ్రోజులు చూశాడు బాపు. మూడో రోజు గిరాకీ లేని వేళ చూసి, తాను రోజూ ఊదుబత్తి తిప్పే ఆ మోడెం వెనక వైరును తానే పీకేశాడు. "అమ్మా, తొండొచ్చింది రా" అని లోపలికి కేకేశాడు.

పువ్వుల ముగ్గు పేజీని పట్టుకొచ్చింది మాత్రం రూతే. నల్లటి తెర. మౌసు పట్టుకుని ఒక్క గీత గీస్తే, అదే గీత చుట్టూ ఎనిమిది దిక్కులా తనంతట తానే గీసుకుంటుంది. మేము గీస్తే చక్రాలు వచ్చేవి. అవ్వ చేతికి మౌసు ఇస్తే మొదట వద్దంది, ముగ్గు అనేసరికి కాదనలేకపోయింది. ఆ చెయ్యి వణికింది. గీత వణికింది. వణికిన ప్రతిచోటా ఎనిమిది వైపులా ఒకేలాంటి వంపులు లేచి, తెర మీద చేమంతి విచ్చుకున్నట్టు విచ్చుకున్నాయి. మా గీతలకు లేని అంచులు, రెక్కలు ఆమె గీతకు వచ్చాయి. అవ్వ మౌసు వదిలి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి పోయింది.

"గీ వంకర నాదేనానే?"

"నీదే అవ్వా. అన్ని దిక్కుల నీదే," అంది రూతు.

ఒక్కో వంపునూ వేలితో లెక్కపెట్టింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది: "ఒక్కతాన వంకరయితే వంకర. అన్ని తాన్ల ఒక్కలెక్క వంకరయితే, గదొక తీరు."

పెత్రమాస వచ్చింది. బాపు పూల మోపులు వాకిట్లో దించి, ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డాడు. అవ్వ బయటికి వచ్చి శిబ్బి అడిగింది. నన్ను, రూతును, అమ్మను, పక్కింటి ఆడవాళ్లను శిబ్బి చుట్టూ గుండ్రంగా కూర్చోబెట్టింది.

"నేను ఎట్ల వెడితే మీరు గట్లనే వెట్టాలె. నా పువ్వు ఎటు వంగితే మీ పువ్వు అటే వంగాలె. సక్కగ వెట్టిన్రో, చేతుల మీద కొడత."

ఆమె తంగేడు కొమ్మ కొద్దిగా కుడికి ఒరిగింది. చుట్టూ అందరివీ కుడికి ఒరిగాయి. గునుగు వంగితే గునుగు, బంతి జరిగితే బంతి. పెద్దవాళ్లకు చెయ్యి సాగలేదు, జన్మంతా నిటారుగా పెట్టినవాళ్లాయె. రూతు మాత్రం చేతిని కూడా అచ్చం అవ్వలాగే వణికించి పెడుతుంటే నవ్వలేక చచ్చాం, అవ్వ కూడా నవ్వింది. పూర్తయ్యేసరికి బతుకమ్మ పగ్గం పేనినట్టు కింది నుంచి పైదాకా మెలి తిరిగి నిలబడింది. పసుపు గౌరమ్మను పైన పెట్టింది అవ్వే, కుడిచేత్తో. ఆట దగ్గర అన్నీ నిటారు బతుకమ్మల మధ్య మాది దించితే ఆడవాళ్లంతా మూగారు. ఒకామె ధైర్యం చేసి అడిగింది.

"ఏంది లచ్చవ్వా, గీ తీరు ఏడ నేర్సినవ్?"

అవ్వ ఆ చేతిని కొంగులోంచి తీసి మా దుకాణం వైపు చూపించి, తల ఎగరేసి చెప్పింది. "కంప్యూటర్ తీరు."

ఆమె ఆ చేత్తోనే చప్పట్లు కొడుతూ వలయంలో తిరిగింది. దూరంగా మగవాళ్ల మధ్య నిలబడ్డ బాపు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మరుసటి యేడు సగం వాడకట్టు అదే తీరు పేర్చింది.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎవరి తొండ వాళ్ల జేబులోకి చేరాక నెట్ సెంటర్‌కు పని లేకుండా పోయింది. కొన్నాళ్లు జిరాక్సు మీద నడిచింది, ఇప్పుడు ఆ గదిలో ఎవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పువ్వుల ముగ్గు పేజీ ఒక చలికాలం తెరుచుకోవడం మానేసింది. తెర మీద బూడిదరంగు డబ్బా, అందులో ఇది ఇక నడవదని ఒక ముక్క. ఆ మాట చెబితే అవ్వ "తొండ లేస్తది గని ముగ్గు లేవదా?" అని నిజంగానే బాధపడింది. ఆమె గీసినవి ఒక్కటీ దాచుకోలేదు మేము. పేజీ ఎటూ పోదనుకున్నాం. అవ్వ కూడా పోదనుకున్నాం. వెతకడంలో అంత నేర్పరి రూతు ఇప్పుడు వాళ్లమ్మలాగే నర్సు. ఆ పేజీని ఆమె కూడా మళ్లీ పట్టలేకపోయింది.

మొన్నటి సద్దుల బతుకమ్మకు ఊరికి వెళ్లాను. మా పాత వాడకట్టులో నాకు తెలియని పిల్లలు శిబ్బి చుట్టూ కూర్చుని ఉంటే, నేనూ ఒక సందులో ఇమిడి తంగేడు కొమ్మ నిటారుగా పెట్టాను. పక్కనున్న చిన్న పిల్ల నా చేతి మీద టపీమని ఒక్కటి వేసింది.

"గట్ల గాదక్కా. జర వంకర వెట్టాలె. కంప్యూటర్ తీరు."

"కంప్యూటర్ తీరంటే ఏందే?"

"ఏమో. మా అమ్మ గట్లనే అంటది. నువ్వు వెట్టు."

నేను చేతిని కాస్త వణికించి పెట్టాను.