మణియ్య గారి చుట్టరికం

చదువుకున్న పిల్ల ఒక్క ఇంగ్లీషు మాటను తప్పుగా చదివితే ఎంత ప్రళయం వస్తుందో చెబుతాను, కుదురుగా కూర్చోండి. నష్టం నా పరువుకు మాత్రమే. మిగతా అందరికీ మేలే జరిగింది. అందుకే ఈ తప్పును పతకంలా మెడలో వేసుకుని తిరుగుతుంటాను.

తమిళనాడు రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డ అమ్మే అంగడి పైన మా మెడికల్ కోడింగ్ ఆఫీసు. కింద గాయానికి గుడ్డ, పైన జబ్బుకు నంబరు. డాక్టర్ రాసింది చదివి తగిన కోడు వేయడం మా పని. ఒట్టి డిప్రెషన్ అయితే ఎఫ్ ముప్పై రెండు. దిగులూ, పట్టపగ్గాల్లేని హుషారూ వంతులు వేసుకుని వచ్చే బైపోలార్ అయితే ఎఫ్ ముప్పై ఒకటి. ఒక్క అంకె తేడా. మనం సొంతంగా జబ్బు కనిపెట్టకూడదు. సందేహం వస్తే డాక్టర్‌కు ‘క్వెరీ’ అనే ప్రశ్నాపత్రం పంపాలి.

నేను చేరిన మూడో వారంలో ఒక కాగితం వచ్చింది. కుట్టుపని చేసే ఒకావిడది (ఆవిడ వివరాలన్నీ మార్చేశాను, మీరు వెతక్కండి). జబ్బు అనే చోట డిప్రెషన్ అని ఉంది. ఆ సాయంత్రమే అది ఆవిడ ఊరి డాక్టర్‌కు చేరాలి, దాన్ని బట్టే ఆయన మందులు ఇవ్వాలి. పాత సంగతులనే చోట ఇంగ్లీషులో పొడిపొడిగా ఇలా ఉంది:

‘మణియా కేమ్ లాస్ట్ ఇయర్. స్టేడ్ త్రీ వీక్స్. నో స్లీప్. టాక్డ్ నాన్‌స్టాప్. బాట్ ఫైవ్ సూయింగ్ మెషీన్స్.’

చదవగానే నా ఒళ్లు మండింది. ఎందుకంటే మాకూ ఒక మణియ్య ఉన్నాడు. అమ్మకు తమ్ముడు, నాకు మామ. తళవాయిపురం నుంచి రెండు రోజులకని బస్సెక్కి వచ్చి మూడు వారాలుంటాడు. మాట్లాడుతూనే ఉంటాడు, ఎవరినీ నిద్రపోనివ్వడు. పోయినసారి అమ్మ చేత రెండు గ్రైండర్లు కొనిపించాడు. ఐదు కుట్టుమిషన్లంటే ఆవిడకు దిగులు పట్టక ఏమవుతుంది!

మా టీమ్ లీడర్ గోమతి అక్క దగ్గరికి వెళ్లాను.

“అక్కా, ఎవడో చుట్టం ఇంట్లో విరుందాళిగా చేరి ఆ అమ్మను పాడు చేసినాడు. వాడు ఏమి సొందమని డాక్టర్ రాయనే లేదు.”

“చుట్టాలకు కోడు లేదు పాప. ముప్పై రెండు వేసి పంపు.”

“వాడు మళ్లీ వస్తే?”

“వస్తే కాఫీ ఇస్తారు. నీకేమి?”

అక్క భోజనానికి వెళ్లింది. నేను క్వెరీ పంపేశాను: ‘మిస్టర్ మణియాకు రోగితో గల సంబంధం రాయలేదు. ఆయన ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నారా? దయచేసి తెలుపగలరు.’ పంపి, దేశాన్ని కాపాడిన దానిలా సాంబారన్నం తిన్నాను.

అరగంటలో ఫోను. ఆ కాగితం పంపిన ఆసుపత్రి పెద్ద డాక్టర్. చోళపురం మనిషి, మా తెలుగే. అక్క స్పీకర్ పెట్టింది.

“ఎవురమ్మా ఈ క్వెరీ పంపింది?”

“నేనే సార్. కె. సుబ్బలక్ష్మి.”

“మిస్టర్ మణియా ఎవురు?”

“అదే సార్, పోయినేడు వచ్చినాడే! మూడు వారాలు ఉండి, నిద్ర చెరిచి, మిషన్లు కొనిపించినాడే!”

అటువైపు దగ్గు. తర్వాత తెలిసింది, అది దగ్గు కాదని.

“అమ్మా, వచ్చినాడు కాదు, వచ్చింది! అది మణియా కాదు, మేనియా!”

ఆఫీసులో కీబోర్డులన్నీ ఒక్కసారిగా ఆగాయి. పట్టపగ్గాల్లేని ఆ హుషారు పేరే మేనియా. చెవితో విని బట్టీపట్టిన మాటను కంటితో గుర్తుపట్టలేకపోయాను. తప్పంతా ఇంగ్లీషుది. ‘కేమ్’ అంటే వచ్చినాడో, వచ్చిందో ఎవరికి తెలుసు? తెలుగులో రాసి ఉంటే నా పరువు దక్కేది.

“మీ ఇంట్లో మణియ్య ఎవురైనా ఉండాడా?” అన్నాడు డాక్టర్.

“ఉండాడు సార్. తళవాయిపురం.”

ఆయన మళ్లీ ‘దగ్గి’, ఉన్నట్టుండి ఆగాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు.

“ఉండమ్మా, ఫోను పెట్టొద్దు. ఇక్కడ ఒట్టి డిప్రెషన్ అని రాసినారే! మేనియా వచ్చిపోయిన మనిషికి బైపోలార్ అని కదా రాయాల! ఇది ఇట్లే పోయుంటే, ఆ ఊరి డాక్టర్ దిగులుకు మాత్రమే మాత్ర ఇచ్చుంటాడు. దాంతో మీ మణియ్య మళ్లీ పెట్టె సర్దుకొని వచ్చుంటాడు.”

గోమతి అక్క మొహం చూడాల్సింది. ముప్పై రెండు వేసి పంపమన్నది తనే కదా!

“నువ్వు అడిగిన కారణం తప్పు సుబ్బలక్ష్మీ. అడగడం మాత్రం శానా సరి” అన్నాడు డాక్టర్.

నా క్వెరీకి జవాబు కూడా రాసి పంపాడు: ‘సంబంధం: పాత పరిచయం. ప్రస్తుతం ఇంట్లో లేరు. జబ్బు: బైపోలార్, ఇప్పుడు డిప్రెషన్ దశ.’ ఎఫ్ ముప్పై ఒకటి నా చేత్తోనే వేశాను. ఆఫీసు కాగితం బయటికి తేకూడదు కాబట్టి మనసులోనే లామినేషన్ చేయించుకున్నాను.

ఆ తర్వాత ఒక ఆదివారం అమ్మ వాకిట్లోంచి కేక వేసింది.

“పాపా, మణియ్య వచ్చినాడు!”

“వచ్చినాడా, వచ్చిందా? సరిగ్గా చూసి చెప్పుమా!”

“నేనే వచ్చినాను! ఏమే, మామను పట్టుకొని అది ఇది అంటావా?” అని మణియ్య సంచీ దించాడు.

ఆ సంచీ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై ఏ జబ్బుకూ మిస్టర్ తగిలించను, ఏ చుట్టానికీ కోడు వెయ్యను. మొదటి మాట మీద గట్టిగానే నిలబడ్డాను. రెండోదే కాస్త కష్టంగా ఉంది. మామ వచ్చి ఇది మూడో వారం. నిన్న ఐదు మిక్సీల ధర అడిగి వచ్చాడు.